నీలం రెక్క

అత్తయ్యకు,

నిన్న ఫోన్లో మీతో అబద్ధం చెప్పాను. నిజం నోట్లోంచి రాలేదు, అందుకే ఈ ఉత్తరం.

"మురికి పట్టింది, కాస్త తుడిచి పెట్టరా, ఇలాంటివి నీకు బాగా తెలుసుగా" అని మీరిచ్చిన పింగాణీ డబ్బా తుడిచాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మూత మీది పిట్టకు ఒక రెక్క సన్నటి గీతలతో పాతకాలం నాటిది. రెండోది నీలంగా, ముద్దగా, గీత దాటి పూసి ఉంది. తర్వాత ఎవరో వేశారని చూడగానే తెలిసిపోయింది. పాత డబ్బాలు పోగేసే మాలాంటివాళ్లకు అలాంటి రంగు కంట్లో నలుసే. దూదితో రంగు కరిగించే మందు అద్ది, ఓపిగ్గా మొత్తం తీసేశాను. పెచ్చు ఊడిన చోటు తెల్లగా బయటపడింది. పైగా నాలాంటి నలుగురిని పిలిచి, "ఎవడో చేతకానివాడి పని" అని నవ్వాను కూడా.

నిన్న మీరేమో, "ఆ రెక్క జాగ్రత్తరా. నా చేతిలోంచి మూత జారి పెచ్చు ఊడితే, ఆఖరి రోజుల్లో, చేతులు వణుకుతున్నా మీ మావయ్య కూర్చుని వేశారు" అన్నారు. "భద్రంగా ఉంది అత్తయ్యా" అన్నాను. అప్పటికి అది పోయి నాలుగు రోజులు.

చేయి తిరిగిన పనివాడితో మళ్లీ వేయించగలను. కానీ వాడి చేయి వణకదు.

ఎదురుగా రావడానికి మొహం చెల్లక డబ్బా ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. మూత తీస్తే లోపల నీలం అంటిన దూది ఉంటుంది. చెత్త అనుకొని పారేయకండి. మావయ్య వేసిన రెక్క అదే.

మీ మేనల్లుడు