సగం గుడ్డ

మిర్యాలగూడ,
గురువారం.

అత్తమ్మ గారికి,

ఫోన్ చేస్తే "పిల్లగాడు మంచిగున్నడా" అని ఒక్క మాట అడిగి మామయ్యకు ఇచ్చేస్తున్నారు. అందుకే రాస్తున్నాను. ఆయన చదివి వినిపిస్తారు.

ఆదివారం చిలుకూరులో మీ ఇంట్లో బాబు కాళ్లు కడుపులోకి ముడుచుకొని ఏడ్చాడు. కాసేపు ఊరుకొని మళ్లీ ఏడ్చాడు. గుడ్డలో విరేచనం ఎర్రగా, జిగటగా పడింది. మీరు ఆ గుడ్డను కవరులో కట్టి కోదాడ దవాఖానకు వెంట తెచ్చారు. ఆటోలో వాసన వస్తోందని నేను కవరు లాక్కొని కాలువ వంతెన దగ్గర విసిరేశాను. "నలుగురిలో ఇదేం పని" అని కూడా అన్నాను. మీరు మీ సంచిని ఒళ్లోకి తీసుకున్నారు.

డాక్టరు రంగు అడిగితే, పొద్దున బీట్‌రూట్ తిన్నాడని చెప్పింది నేనే. మీరు సంచిలోంచి అదే గుడ్డలో చింపి దాచిన సగం తీసి బల్ల మీద పరిచారు.

"గొర్రెపిల్లకు బాగలేకుంటే మేం పెంటికలే సూస్తం సారూ. జర గిది సూడుండ్రి."

ఆయన చూసి వెంటనే స్కానింగుకు పంపారు. పేగులోకి పేగు దూరిందట. ఆపరేషన్ లేకుండానే సరిచేశారు. ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు నాతో చెప్పిన సంగతి మీ అమ్మాయి కల్పనకు ఇంకా చెప్పలేదు.

సగం ఎందుకు దాచారని మిమ్మల్ని అడగను. నేను పారేస్తానని మీకు ముందే తెలుసు.

ఇప్పుడు బాబు డైపర్ నేనే మారుస్తున్నాను. ఈ ఉదయం పసుపుపచ్చగా, మెత్తగా ఉంది. చూశాకే పారేశాను.

మీ అల్లుడు