బూజు వాసన

గూడెం కొత్తవీధి,
ఫిబ్రవరి 23.

అమ్మకు నీ పెద్దకూతురు రత్న దండం పెట్టి రాస్తున్నది. కొండ మీద నేను బాగానే ఉన్నాను. సాలూరులో నువ్వూ, తమ్ముడు ధర్మా, వాడి పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడతావని ఈ ఉత్తరం. మనవరాలు సోని చేత నిదానంగా చదివించుకో.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. చలి తగ్గింది. రాగి అంబలి మానలేదు. చెంచాడు కాఫీ నోట్లో పోసుకుని ఉమ్మేస్తే జీతమెందుకిస్తారని అడిగావు. ఆ గింజలు మంచివో కావో చెప్పినందుకు. మా కాఫీ రైతుల సంఘంలో నేను రాసిన కాగితం చూశాకే బెంగుళూరు లారీ సరుకెత్తుతుంది. ఈ పనికి ఆడదాన్ని, అందులోనూ కొండపిల్లని పెట్టడానికి మేనేజరు ఉమామహేశ్వరి గారు అందరితో పోట్లాడారు.

సత్యనారాయణ కనబడ్డాడా అని కూడా అడిగావు. కనబడ్డాడు.

నాకప్పుడు పదకొండేళ్ళు. నీ బుట్టలో నాలుగు పచ్చికాయలు కనిపించాయని ఆ షావుకారు బుట్టెడు కాఫీపళ్ళూ నీ నెత్తిన గుమ్మరించాడు. పళ్ళు కడిగిన నీళ్ళ బురదలో మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్క పండూ ఏరావు. అందరూ నవ్వారు.

పోయిన సోమవారం తన సరుకు బస్తాలు మా వరండాలో దించి, శాంపిల్ తెచ్చాడు. "ఏటే గుంటా, టేస్టర్ సార్ లేడా? బేగి పిలు," అన్నాడు. టేస్టర్ని నేనేనన్నాను. నన్ను కిందికీ పైకీ చూసి నవ్వాడు.

మామూలుగా గిన్నెల మీద అంకెలే ఉంటాయి, ఎవరి సరుకో నాకు తెలియదు. ఆ రోజు అంకెలు వేసే మనిషి రాక నేనే వేసుకున్నాను. అతని కాగితం మీద 'బూజు వాసన, పనికిరాదు' అని రాశాను. లారీ అతని బస్తాలు వదిలేసి వెళ్ళిపోయింది.

మర్నాడు వచ్చి చేతులు జోడించాడు. "ఇంకోపాలి తాగి సూడమ్మా." మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టాను. తర్వాత అతని ఎదుటే తాగి, ఉమ్మి, "అదే వాసన," అన్నాను. వెళ్ళబోతుంటే, "నేను సోములమ్మ కూతుర్ని. నెత్తిన బుట్ట గుమ్మరించావు, గుర్తుందా?" అని అడిగాను.

"ఏ సోములమ్మ? శానామంది వచ్చీవోరు. నాకేటి గుర్తుంటాది?"

అబద్ధం కాదమ్మా. కళ్ళలోకి చూశాను. నిజంగానే మరిచిపోయాడు. బహుశా ఆ సాయంత్రానికే మరిచిపోయి ఉంటాడు.

ఇప్పుడు నీ దగ్గర దాచిన సంగతి. అతని కాఫీలో బూజు లేదు. ఈ ఏడు నేను తాగినవాటిలో అదే మంచిది. కాస్త తేనె, కాస్త కమలాతొక్క. ఉమ్మబుద్ధి కాలేదు.

మంగళవారం సాయంత్రం ఉమామహేశ్వరి గారు అతని గిన్నెలో మిగిలిన కాఫీ ఒక చెంచా తాగారు. "రత్నా, వచ్చే వారం ఇద్దరు ఆడపిల్లలు నీ దగ్గర పని నేర్చుకోడానికి వస్తన్నారు. ఆళ్ళకేటి నేర్పుతావు?" అని, చెంచా కడిగి పెట్టి వెళ్ళిపోయారు. అయినా కాగితం మార్చలేదు.

బుధవారం అతను మళ్ళీ వచ్చాడు. సోములమ్మ ఒప్పుకుంటేనే మళ్ళీ తాగి చూస్తానని, ఉత్తరం రాసి అడుగుతానని చెప్పాను. బస్తాలు మా వరండాలోనే ఉన్నాయి. ఉండాలో పోవాలో నువ్వు చెప్పు, అలాగే చేస్తాను.

రోజూ వస్తున్నాడు. నిన్న చెప్పులు బయట విడిచి, "సోములమ్మ గారు ఏటన్నారమ్మా?" అని అడిగాడు.

ఈ ఉత్తరం రాయకముందే, ఇంకా జవాబు రాలేదన్నాను. నువ్వేమీ తొందరపడకు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
రత్న