పేరు రాసే సాలీడు

సెప్టెంబర్ 14
జోరో సాలీళ్లు మా ఇంటికీ వచ్చేశాయి. పోర్చ్ స్తంభం నుంచి డాగ్‌వుడ్ చెట్టు దాకా బంగారు దారాల గూడు. నడుమ అరచేతంత ఆడ సాలీడు. అమ్మమ్మ వెర్నెల్ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి గుసగుసలాడింది. అది పేరు రాసే సాలీడట. దాని ముందు ఎవరి పేరు పలికితే ఆ పేరు గూట్లో రాస్తుందట, ఆ మనిషి పోతాడట. నవ్వొచ్చింది. రాస్తుందని చెప్పుకునేది ఇక్కడి పాత జాతి సాలీడు, ఇది ఆసియా నుంచి సరుకుల్లో దిగిందని లైబ్రరీ కరపత్రం చదివి వినిపించాను. ఆ కాగితం వచ్చి దాన్ని చూసిందా అంది.

సెప్టెంబర్ 22, బుధవారం
చర్చిలో భోజనాలయ్యాక లేచి మాట్లాడాను. ఈ సాలీళ్ల భయంతో జనానికి పిచ్చెక్కింది. గూళ్లు కాల్చడానికి డ్వేన్ బ్లోటార్చ్ తెస్తానన్నాడు. కొట్టం కూడా తగలబడుతుందిరా అని ఎవరో అంటే, అదీ పాతబడిందిలే అన్నాడు. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. ఇవి మనుషుల్ని ఏమీ చెయ్యవు, మందు కొడితే చచ్చేది మా పక్కింటి హార్లన్ తాత పెంచే తేనెటీగలు, కర్రతో దులిపితే చాలు అన్నాను. మందు కొట్టబోమని అందరిచేతా చేతులెత్తించాను. అమ్మమ్మ కూడా ఎత్తింది. మాట తప్పినవాళ్ల పేరు నేను పనిచేసే పశువుల దాణా దుకాణం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాస్తానన్నాను. ఆ బోర్డు రాసేది నేనే.
హార్లన్ తాత తన పదకొండు తేనెపెట్టెలూ కొండ మీదికి మార్చేద్దామనుకున్నాడట. నీ మాట మీద ఇక్కడే ఉంచుతున్నానురా టిల్మన్ అన్నాడు.

అక్టోబర్ 1
సాయంత్రం అమ్మమ్మ ఎప్పటిలాగే పోర్చ్ మీద నుంచి తిండికి కేకేసింది, టిల్మన్ రే ప్రూయిట్ అని మూడు ముక్కలూ కలిపి. వెంటనే గూడు వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొక్కజొన్న రొట్టె ముట్టలేదు.

అక్టోబర్ 6
పెట్టెల ముందు చచ్చిన తేనెటీగలు కుప్పలు కుప్పలు. కొన్నింటికి ఇంకా కాళ్లాడుతున్నాయి. తాత చీపురు పట్టుకుని నిలబడ్డాడు.
చేతులెత్తారు. దేవుడి ఇంట్లో ఎత్తారు! దొంగలు.

అక్టోబర్ 7
డ్వేన్. పోయిన వారం మా కౌంటర్ దగ్గరే మందు డబ్బా కొన్నాడు. నేనే సంచిలో పెట్టిచ్చాను. బోర్డు మీద పేరు రాశాను. ఒకటో తరగతి నుంచి నా పక్కన కూర్చున్నవాడు.

అక్టోబర్ 9
డ్వేన్ డబ్బా తెచ్చి కౌంటర్ మీద కొట్టాడు. సీలు ఊడలేదు. చీమల కోసం కొన్నానురా వెధవా అన్నాడు. అయినా చెరపలేదు. ఇంకోటి కొని ఉండొచ్చుగా అన్నాను. ఉమ్మేసి పోయాడు.

అక్టోబర్ 10
పోర్చ్ మీద గూడు లేదు. ఎన్నాళ్లుగా లేదో! ఊరంతా వెతికాను గానీ సొంత గుమ్మం చూసుకోలేదు. షెడ్‌లో పాత గోనెల కింద సగమైన డబ్బా. కంచె పొడుగునా తేనెటీగలు వాలే పసుపుపచ్చ పూల మీద తెల్లటి పొడి.
అడిగితే అమ్మమ్మ దాచలేదు. గూట్లో అక్షరాల్లా తెల్లటి గీతలు కనబడ్డాయట. దులిపితే మళ్లీ అల్లుతుందని, ఎక్కడా మిగలకూడదని కంచె దాకా మందు చల్లిందట. మరి చర్చిలో చెయ్యెత్తావే అని అరిచాను. అప్పటికి నీ పేరు దాని చెవిన పడలేదు కదరా అంది. బోర్డు మీద నా పేరు రాసుకో, డెబ్భై తొమ్మిదేళ్లదాన్ని, అది నీది రాసేకంటే నయమే కదా అంది.
నా ఇంట్లో. నా వెనక.

అక్టోబర్ 11
డ్వేన్ పేరు చెరిపాను. పూర్తిగా పోలేదు, చూసేవాడికి తెలుస్తుంది. అతని ఇంటికెళ్తే వాళ్లమ్మ తలుపు తియ్యలేదు.
సుద్దముక్క పట్టుకుని గంటసేపు నిలబడ్డాను. వెర్నెల్ అని రాయడానికి చెయ్యి రాలేదు. జాలి కాదు. రాస్తే నిజంగానే పోతుందేమోనని భయమేసింది. కరపత్రాలన్నీ చదివినవాణ్ని.
తాత దగ్గరికెళ్లి చెప్పాను. నాకు మొదటిరోజే తెలుసన్నాడు, నా ఈగలు ఎటు పోతాయో నాకు తెలీదా అన్నాడు. నువ్వెప్పుడొచ్చి చెప్తావా అని చూస్తున్నానన్నాడు. బతికినవి మూడు పెట్టెలు, వాటిని కొండ మీదికి చేర్చడానికి ట్రక్కులోకి ఎక్కించాం. ట్రక్కు దిగేటప్పుడు తాత నాతో చెయ్యి కలపలేదు.

అక్టోబర్ 19
పోర్చ్ మూల కొత్త జోరో. అమ్మమ్మ ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలవడం లేదు, తిండికి రమ్మనడానికి గరిటెతో పెనం మీద కొడుతోంది.
పొద్దున నేను లేచేసరికి గూటికి ఎదురుగా నిలబడి ఉంది. బడిలో హాజరు పలికినట్టు తన పేరు తనే చెబుతోంది. నిదానంగా. మూడుసార్లు.