జతపరచిన పెల్లెట్టు నాదే

క్రీడల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నేలమాళిగలోని పాత ఇండోర్ షూటింగ్ రేంజి మీద పేరు లేకుండా అందిన ఫిర్యాదు – దానిని రాసినది నేనే అని తెలుపుకొనుట – నాకు మంజూరైన రేంజి మార్పు ఉత్తర్వును రద్దు చేయమని కోరుట – గురించి.

సూచిక: (అ) తమ కార్యాలయానికి అందిన ఆకాశరామన్న ఫిర్యాదు, జతగా ఒక పెల్లెట్టు (ఎయిర్ పిస్టల్‌లో వాడే సీసపు గుండు). (ఆ) విచారణ ముగిసే వరకు పాత రేంజికి సీలు వేస్తూ తమరిచ్చిన ఉత్తర్వు. (ఇ) సదరు సీలు తీయమని మా నాన్న పంపిన నలభై ఆరు సంతకాల అర్జీ.

పై సూచికలలో మొదటిదీ, చివరిదీ ఒకే ఇంటి నుంచి వచ్చాయని తమకు తెలిసే అవకాశం లేదు. మా ఇంట్లోనే తెలియదు.

1. నా మొదటి బాధ ఏమనగా, మా ఇంట్లో వాళ్ళు నన్ను మంచిదాన్ని అనుకుంటున్నారు. మా కోచ్ మాస్టారు నడిపే ఆ రేంజికి సీలు పడిన రోజు నుంచి నాకు తిండి సయించడం లేదు. "మాస్టారంటే ప్రాణం దీనికి. ఎలా చిక్కిపోయిందో చూడవే" అని మా అమ్మ పిన్నికి ఫోనులో చెప్పింది, నేను వింటుండగానే. గోడవైపు తిరిగి పడుకుంటే గురుభక్తి అన్నారు. మాస్టారి మాట రాగానే లేచి వెళ్ళిపోతే దుఃఖం ఆపుకోలేక అన్నారు. మా ఇంట్లో నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్ళు ఎప్పుడూ లేరు. చిన్నప్పుడు నాకు కోపం వస్తే ఆకలి అనుకునేవారు. పిస్టల్ నేర్చుకుంటానంటే ఎవడి మీద పగో అని మూడు రోజులు ఆరా తీశారు. అవన్నీ భరించాను. లేని మంచితనం అంటగడితే భరించడం నా వల్ల కావడం లేదు.

2. మా నాన్న ముప్పయ్యేళ్ళు ఒక ఆఫీసులో అర్జీలు తీసుకుని, ముద్ర కొట్టి పైకి పంపిన మనిషి. తమవాళ్ళు షట్టర్‌కు అంటించిన ఫిర్యాదు ప్రతిని ఆయన ఫొటో తీసుకొచ్చి భోజనాల బల్ల దగ్గర పైకి చదివారు.

"రాసినవాడెవడో గానీ గట్టివాడే! 'సత్వర చర్య నిమిత్తం' అన్నాడు చూడు. ఈ రోజుల్లో ఈ మాట ఎవడికి తెలుసు?"

నాకు తెలుసు. ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నీళ్ళు తాగుతున్నదాన్ని, పొలమారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడవకమ్మడూ, వాడి తాత దిగి రావాలి, అలాంటి అర్జీ నేను రాస్తాను" అన్నారు నాన్న. రాశారు కూడా. "శిష్యురాలివి, మొదటి సంతకం నీదే ఉండాలి" అంటూ పెన్ను మూత తీసి చేతికిచ్చారు. పెట్టాను. తమ ఫైలులో సూచిక (ఇ) కింద మొదటి సంతకం నాదే అని తమరు గమనించగలరు.

3. ఇక అసలు సంగతి. మా పట్టణంలో ఇండోర్ రేంజిలు రెండు. పోటీలకు వెళ్ళదలచినవారు తమ దగ్గర ఏదో ఒక రేంజి పేరు మీదే నమోదు కావాలి. నేను మూడేళ్ళుగా పాత దానిలో ఉన్నాను. పోయిన నెల నోటుబుక్కులో నిలువుగా గీత గీసి, పాతది ఒకవైపు, కొత్తది ఒకవైపు రాసుకున్నాను. పాతది: ఇంటి నుంచి నడిస్తే తొమ్మిది నిమిషాలు. పదకొండు మెట్లు దిగాలి. ఆరు లేన్లు. తాడు లాగితే టార్గెట్ కాగితం దగ్గరికి వస్తుంది. బాత్‌రూమ్‌కు గడియ లేదు, రేంజి ఊడ్చే ఆయమ్మ బయట కాపలా ఉంటుంది. మాస్టారు భూతద్దంతో కాగితం చూసి "ఊఁ" అంటారు. ఆ "ఊఁ"లో ఏడెనిమిది రకాలున్నాయి. కొత్తది: రెండు బస్సులు మారాలి. టార్గెట్లు కాగితం కాదు, తెర. ఎవరికీ ఎవరి పేరూ తెలియదు.

మార్కులు వేసి చూస్తే పాతదే గెలిచింది. అయినా, పంటినొప్పి అని మాస్టారికి చెప్పి, రెండు వారాలు కొత్త దానికి వెళ్ళి చూశాను. మొదటి రోజు సాయంత్రం ఆయన ఫోన్ చేశారు.

"ఏమ్మా, పన్ను పీకించావా, ఉంచావా?"

"ఉంచాను మాస్టారూ."

"మంచి పని చేశావ్. పీకించుకోవడం ఎంతసేపు?"

కొత్త రేంజి తెర మీద పెల్లెట్టు ఎక్కడ పడిందో మాత్రమే కాదు, పేలే ముందు సెకనులో నా చెయ్యి ఎటెటు తిరిగిందో కూడా గీతలా కనిపిస్తుంది. అక్కడి కోచ్ నాకంటే అయిదారేళ్ళు పెద్దది. గీత చూసి, "ఎక్కడ తగిలిందో చూడాలని నీ కన్ను ముందే లేచిపోతోంది. చెయ్యి దాని వెనకే పోతోంది" అంది. మూడేళ్ళుగా నా గుళ్ళు ఎడమకు పోతున్నాయి. మాస్టారు ప్రతిసారీ పిస్టల్ మీది, గురి సరిచేసే మరను కొంచెం తిప్పి, "ఇప్పుడు కొట్టు" అనేవారు. మర తిరిగింది, నేను మారలేదు. రెండు వారాల్లో నా స్కోరు పద్నాలుగు పెరిగింది. ఆ రోజు బస్సులో నవ్వుకుంటూ కూర్చున్నాను. దిగాక, పాత రేంజి ఉన్న వీధి తప్పించి, చుట్టు తిరిగి ఇల్లు చేరాను.

4. తమ నియమావళి ప్రకారం రేంజి మారాలంటే పాత కోచ్ "అభ్యంతరం లేదు" అని సంతకం చేయాలి. రేంజి మూతపడి ఉంటే ఆ సంతకం అక్కర్లేదు. ఫారం బ్యాగులో పెట్టుకుని మాస్టారి దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆయన నా అలమర తలుపు మీద నా పేరు అంటిస్తున్నారు. రెండోసారి, "నీకోసమే మూడో లేన్లో లైటు మార్పించా, ఇక వంక పెట్టకు" అన్నారు. మూడోసారి, కొత్తగా చేరిన ఒకామెను నా వెనక నిలబెట్టి, "కాళ్ళు ఎలా పెట్టిందో చూడు. అలా నిలబడాలి మనిషంటే" అంటున్నారు.

ఫారం మడిచి ఇంటికొచ్చి, ఆకాశరామన్న ఫిర్యాదు టైపు చేశాను. ఒక మనిషి ముఖం చూసి "వెళ్తున్నాను మాస్టారూ" అనే ఒక్క మాట అనలేక, ఆయన తలుపుకు లక్క వేయించి, సంతకం లేకుండానే మార్పు ఉత్తర్వు తీసుకున్నాను. చేసిన పనిని ఇంతకంటే మర్యాదగా రాయడం నాకు చేతకాలేదు.

5. సదరు ఫిర్యాదులో ఉన్నవి మూడు అంశాలు. శబ్దం వల్ల ఇరుగుపొరుగుకు నిద్ర లేదన్నది అబద్ధం. ఆ పిస్టళ్ళు గాలితో పనిచేస్తాయి, మా నాన్న తుమ్ము వాటికంటే గట్టిగా వినిపిస్తుంది. విరిగిన కిటికీలోంచి పెల్లెట్లు పక్క భవనం పార్కింగులో పడుతున్నాయన్నది కూడా అబద్ధం. ఆ కిటికీకి లోపలివైపు ఇటుకలు పేర్చి ఉన్నాయి. తమ ఇన్‌స్పెక్టరు గారు రోడ్డు మీద నుంచే ఫొటో తీసుకుని వెళ్ళినందున వారికి అది కనిపించలేదు. పగటిపూట నేను ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు పరిశీలిస్తాను. కాగితానికి వస్తువు జతచేస్తే ఫైలు కదులుతుందని నాకు తెలుసు. అందుకే టార్గెట్ వెనకున్న ఇనుప పెట్టెలోంచి ఒక పెల్లెట్టు తీసి, పార్కింగులో దొరికిందని రాసి, కవరులో వేశాను.

ఎగ్జాస్ట్ ఫ్యాను ఏడు నెలలుగా తిరగడం లేదు, సీసం ధూళి లోపలే ఉండిపోతోంది అన్న మూడో అంశం మాత్రం నిజం. ఫిర్యాదు మరీ పొట్టిగా ఉందని దాన్ని చేర్చాను. ఉన్న ఒక్క నిజాన్నీ అలా వాడుకున్నాను.

6. తమ ఉత్తర్వులో అచ్చైన పెల్లెట్టు ఫొటోను మాస్టారు భూతద్దంతో చూశారట. "ఇది ఇనుప పలకకు తగిలి రేకులా చదునైంది. ఆరుబయట దొరికే గుండు ఇలా ఉండదు. నా పెట్టెలోంచి తీసిందే. లోపలి మనిషే చేశారు" అన్నారట. ఆ పెట్టెల్లోని సీసం ప్రతి శుక్రవారం (ముందు శనివారం అని రాసి కొట్టివేసితిని, కారణం తాజా కలములో చూడగలరు) ఊడ్చి ఎత్తేది ఆయమ్మ. ఫ్యాను బాగుచేయించమని మాస్టారితో మూడుసార్లు గొడవపడింది కూడా ఆయమ్మే. అందుచేత ఆయన ఆమెను ఇక రావద్దన్నారు. పదకొండేళ్ళుగా ఆ మెట్లు ఊడ్చిన మనిషిని. గడియ లేని తలుపు ముందు నాకోసం నిలబడ్డ మనిషిని.

నిన్న కూరగాయల దుకాణం దగ్గర ఎదురైంది. నన్ను చూసి, "నువ్వైనా చెప్పమ్మాయ్ ఆయనకి. నాకు రాయడమే రాదు కదా" అంది.

"చెప్తాను" అన్నాను. ఈ అర్జీకి కారణం నా చదువు కాదు, సంస్కారం కాదు. ఆమె చేతిలోని సంచీ చూస్తూ నేనన్న ఆ ఒక్క మాట.

కావున తమరిని కోరునది: సూచిక (అ)ను నా పేరు మీద నమోదు చేయవలెను. సోమవారం జరగనున్న విచారణలో మొదటి రెండు అంశాలు కొట్టివేయవలెను. మూడోది కొట్టివేయరాదు, ఫ్యాను తిరిగిన తర్వాతనే సీలు తీయవలెను. ఆయమ్మకు ఈ వ్యవహారంతో ఏ సంబంధమూ లేదని రాతపూర్వకంగా తెలియజేయవలెను. మూతపడిన రేంజి అనే నిబంధన కింద నాకిచ్చిన మార్పు ఉత్తర్వును రద్దు చేయవలెను. నాపై తీసుకోదగిన చర్య ఏదైనా ఉంటే తీసుకొనవలెను.

ఇందులో దాచినది ఏమీ లేదని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పాత రేంజి, మూడో లేన్, నమోదు సంఖ్య 41

తాజా కలం: ఇది తమకు పంపే ముందు మాస్టారికి చూపించాను. సీలు పడ్డా ఆయన రోజూ తెరిచే వేళకు వచ్చి షట్టర్ ముందు స్టూలు వేసుకుని కూర్చుంటున్నారు. భూతద్దం తీసి మొదటి నుంచి చివరిదాకా చదివారు. "ఆయమ్మ పెట్టెలు ఎత్తేది శుక్రవారం, శనివారం కాదు. సరిచెయ్" అన్నారు. సరిచేశాను. కాగితాలు మడిచి నా చేతికిచ్చారు.

"మూడేళ్ళు నీ పక్కనే నిలబడ్డా కదమ్మా. ఒక్కసారి ఇటు తిరిగి చెప్పొచ్చుగా."

సంతకం కోసం ఫారం తీసి చూపించాను.

"ఇవాళ పెట్టను" అన్నారు.

"మరెప్పుడు మాస్టారూ?"

"ముందు పద, ఆయమ్మ ఇంటికి. నేనన్న మాట నేను వెనక్కి తీసుకోవాలి. నువ్వూ రావాలి."

వెళ్ళాం. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. ఆయమ్మ నన్ను లోపలికి రమ్మనలేదు. మాస్టారికి కుర్చీ వేసింది. మేం వెళ్ళిపోయేటప్పుడు మాత్రం వెనక నుంచి, "ఫ్యాను సంగతి అందులో ఉందా?" అని అడిగింది.

"ఉంది ఆయమ్మా."

"అది కొట్టెయ్యకు."

ఒక ప్రతి మా నాన్న బల్ల మీద పెట్టాను. ఆయన తలుపు వేసుకుని చదువుతున్నారు.

ఫారం మీద సంతకం ఇంకా లేదు. ఎంపిక పోటీకి పేర్లిచ్చే గడువు వచ్చే శుక్రవారం. అప్పటికి సంతకం రాకపోతే, పాత రేంజి పేరు మీద వెళ్ళను గనుక, ఈ ఏడాది పోటీలో నేను ఉండను. నేను ఎంచుకున్నది కొత్త రేంజినే.