చప్పుడు లేని పెట్టె

చిట్టికి,

అమ్మమ్మ దీవెనలు. ఫోనులో అయితే నీ గొంతు వినగానే మాట మింగేస్తాను. అందుకే రాసి, మీ ఆస్పత్రికే డ్యూటీకి వచ్చే ఎదురింటి నర్సమ్మతో పంపుతున్నాను. నిలబడి చదవకు, కూర్చుని చదువు.

నువ్విచ్చిన పెట్టెను నా కాలికి ఒక్కరోజు కూడా పెట్టలేదు.

"విరిగిన ఎముక దగ్గర బద్ధకంగా పడి ఉన్న కణాలను శబ్ద తరంగాలతో తట్టి లేపుతుంది అమ్మమ్మా. అవి కదిలి చీలిక దగ్గరికి చేరి పెరుగుతాయి" అని ఓపిగ్గా చెప్పావు. ఆ శబ్దం మన చెవికి అందదని కూడా చెప్పావు. తల ఊపాను. నువ్వు వెళ్ళాక, కాలికి ఆనించమన్న దాని బిళ్ళను చెవికి ఆనించుకుని విన్నాను. చప్పుడు లేదు, వేడి లేదు, ఆకుపచ్చ దీపం మాత్రం వెలుగుతోంది. పాడైన వస్తువు అనుకున్నాను. అడిగితే నాకేమీ అర్థం కాలేదని నీకు తెలిసిపోతుంది. అది నామోషీ అనిపించి, బీరువాలో చీరల వెనక పెట్టేశాను. సాయంత్రం నువ్వు ఫోను చేసినప్పుడల్లా "పెట్టుకున్నానే" అన్నాను. మొదటిసారి నోరు తడబడింది. తర్వాత అలవాటైపోయింది. కాలు తనంతట తానే అతుక్కుంది.

అక్కడితో ఆగితే ఆ అబద్ధం నాతోనే పోయేది. నిన్న మీ ఆస్పత్రి హాల్లో ఆ పెట్టె గురించి అందరికీ చెబుతూ నా ఎక్స్‌రేను గోడంత చేసి చూపించి, "ఇది మా అమ్మమ్మ కాలు" అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను కూడా. పక్కన ఊతకర్రతో కూర్చున్న బస్సు కండక్టరు, "పెట్టుకుంటే ఎలా ఉంటుందండీ మామ్మగారూ?" అని అడిగాడు. "చీమలు పాకినట్టు ఉంటుంది బాబూ" అన్నాను. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. అతను కాలు నిమురుకుని, "అయితే వచ్చే వారం ఆపరేషన్ మానుకుంటా. నాకూ ఆ పెట్టే ఇప్పించమంటా" అన్నాడు.

పక్కవాడి కాగితం చూసి రాసిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన లెక్కల టీచర్ని నేను. పాలవాడి లెక్కలో చిల్లర తేడా వచ్చినా ఊరుకోని మనిషిని. ఇవాళ తల దువ్వుకోవడానికి అద్దం ముందు నిలబడలేకపోయాను. నీ పరువు పోతుందని తెలుసు. అయినా అతనికి నిజం చెప్పి తీరాలి. ఇల్లెక్కడో కనుక్కున్నాను, మధ్యాహ్నం వెళ్తున్నాను. తిట్టదలిస్తే తిట్టు, ఆపకు.

సిగ్గుతో,
అమ్మమ్మ

అమ్మమ్మా,

నర్సమ్మ చేతికే జవాబిస్తున్నాను. నిన్ను తిట్టే మొహం నాకు లేదు.

పోయిన నెల మీ ఇంట్లో తువ్వాలు వెతుకుతుంటే చీరల వెనక పెట్టె దొరికింది. దానితో పాటు ఇచ్చిన జెల్ ట్యూబు మూత కింది రేకు చిరగనే లేదు. జెల్ రాయకపోతే తరంగం ఒంట్లోకి పోదు. కొబ్బరినూనె రాసి పెట్టుకుంటున్నావేమోనని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. అడిగితే నిజం చెప్పేస్తావని భయపడి అడగలేదు.

మా ల్యాబులో గాజు పళ్ళేల్లో కణాలు తరంగానికి కదిలి వరుస కట్టడం నిజం. నా కళ్ళతో చూశాను. మనుషుల ఎముకల సంగతి ఇంకా తేలలేదు. కానీ గాజు పళ్ళెం చూపిస్తే హాల్లో ఆవలిస్తారు. అమ్మమ్మ కాలు చూపిస్తే నిటారుగా కూర్చుంటారు. తెలిసే చూపించాను.

కండక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళకు. కొన్నాళ్ళు ఆగు, నేనే మెల్లగా సర్దుతాను.

నీ చిట్టి

చిట్టికి,

నీ జవాబు అందేసరికే వాళ్ళింటికి వెళ్ళి వచ్చాను. మెట్ల కింద ఒంటి గది. అతని భార్య మిషను మీద ఏదో కుడుతోంది. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. అతను నన్ను చూసి నవ్వాడు.

"అంటే ఆ పెట్టె కూడా అక్కర్లేదన్నమాట. విన్నావుటే, మామ్మగారి వయసులోనే దానంతటదే అతికింది."

"నీదీ అతుకుతుందిలే, నువ్వు ఆ వయసుకు వచ్చేసరికి" అంది ఆవిడ దారం కొరుకుతూ.

అందరి ఎముకా ఒకేలా విరగదు బాబూ, డాక్టరు మాట విను అన్నాను. "నిన్న చీమలన్నారు, ఇవాళ లేవంటున్నారు. రేపేమంటారో విని అప్పుడు ఆలోచిస్తాలెండి" అన్నాడు. నేను చెప్పే నిజం కూడా చెల్లకుండా పోయింది.

నీ ఉత్తరం చదివాక కోపం రాలేదు, తల దించుకున్నాను. నాకు భయపడి నువ్వూ, నీకు భయపడి నేనూ, మధ్యలో ముక్కూ మొహం తెలియని మనిషి కాలు. "కొన్నాళ్ళు ఆగు" అని ఇంకోసారి నాకు రాయకు. ఆ కాలు ఆగదు.

హాల్లో వాళ్ళకు నువ్వు చెప్పుకోవాల్సింది చెప్పుకుందువుగాని, ముందు ఇది. ఎముకల డాక్టరుగారి కాళ్ళు పట్టుకునైనా సరే, రేపు పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకుని కండక్టరు ఇంటికి రా. నేను ముందే వెళ్ళి ఆ మెట్ల మీద కూర్చుంటాను. ఆవిడ మనకు కుర్చీలు వేస్తుందని ఆశపడకు. అతను నిన్ను చూసి కూడా నవ్వుతాడు, నవ్వనీ. ఆపరేషన్‌కు సరేననేదాకా మనిద్దరం అక్కణ్ణుంచి లేవడం లేదు.

మెట్ల మీద ఎదురుచూసే
అమ్మమ్మ