చేతనైన అన్న

ఆగస్టు 6, 2025. బుధవారం

వాన లేదు. వేరుశనగకు ఊడలు దిగే సమయం. నేల గట్టిపడిపోయింది. ఊడ లోపలికి దిగితేనే కాయ; దిగలేక గాలిలోనే ఎండుతోంది.

సోమవారం బెంగళూరు కోర్టులో తమ్ముడు చైతన్య కేసు తీర్పు. నాలుగేళ్ళుగా జైల్లో ఉన్నాడు. అమ్మ ఎప్పటి శనివారంతో పాటు ఇప్పుడు గురువారం కూడా ఒక్కపొద్దు పట్టింది, చిన్నోడి కోసం. నాకు టైఫాయిడ్ వచ్చి మంచాన పడ్డప్పుడు శనివారం ఒక్కటే ఉండింది. అదీ నా కోసం కాదు, ఎప్పుడూ ఉండేదే.

ఇలాంటివి రాయకూడదు. కానీ దీన్ని ఎవరూ చదవరు. నా చేతిరాత నా భార్య సునందకు కూడా అర్థం కాదు.

మా తమ్ముడు ఇంటర్నెట్‌లో ఒక అంగడి నడిపాడు. మామూలుగా వెతికితే దొరకదు. మత్తుమందులు అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ అక్కడ కలుస్తారు. సరుకు కొరియర్‌లో ఇంటికొస్తుంది. బాగుంటే స్టార్లు ఇస్తారు. వాడు ఒక్క పొట్లం కూడా చేత్తో ముట్టలేదు. కమిషన్ తీసుకున్నాడు. ఛార్జిషీటు ప్రకారం అమ్మేవాళ్ళు నాలుగు వందల మంది. వాళ్ళ లెక్కలు, తగాదాలు, రిఫండ్లు అన్నీ వాడొక్కడే చూశాడు. నేను చిలమత్తూరులో ఒక ఎరువుల దుకాణం లెక్కలు చూస్తాను. సాయంత్రానికి కళ్ళు లాగుతాయి.

ఛార్జిషీటు చదువుతుంటే నాకు సిగ్గేయాలి. కుళ్ళు పుట్టింది.

ఆగస్టు 8, శుక్రవారం

బస్టాండులో ఈరన్న దగ్గర టీ తాగాను. ఈరన్న పాత కక్షల్లో ఒక మనిషిని నరికాడు. యావజ్జీవం పడింది. సత్ప్రవర్తన కింద పదకొండేళ్ళకు బయటికొచ్చాడు. ఇప్పుడు ఊరంతా ఆయన చేతి టీయే తాగుతుంది.

ఏమప్పా ఓబిలేసూ, మీవోనికి ఎన్నేండ్లు పడ్తాయంటాండారు అని అడిగాడు. పది నుంచి ఇరవై అన్నాను. కడుగుతున్న గ్లాసు కింద పెట్టేశాడు. నేను మనిషినే నరికినా గదప్పా, వాడు కూసోని బటన్లు నొక్కినాడు, దానికి ఇరవై ఏండ్లా, యాడి న్యాయమిది అన్నాడు. పక్కన బీడీ కాలుస్తున్న ముసలాయన, నువ్వు ఒకన్నే నరికితివి, వాడు ఎన్ని ఇండ్లు కూల్చినాడో ఎవురికి తెలుసు అన్నాడు. అమ్మింది వాడు కాదు గదా మామా, అంగడికి జాగా ఇచ్చినోడు అని ఈరన్న. ఏం అమ్ముతాండారో తెలిసే ఇచ్చినాడు గదా అని ఆయన. తర్వాత అందరూ నా వైపు చూశారు.

డబ్బులిచ్చి లేచాను. లోపల మాత్రం ఇరవై న్యాయమే అనిపించింది. ఎందుకు న్యాయమో నాలుగు కారణాలు ఇల్లు చేరేలోపే కుదిరిపోయాయి. అంత తొందరగా కుదిరాయి కాబట్టే అనుమానంగా ఉంది.

ఆగస్టు 11, సోమవారం. ఉదయం 11, కోర్టు వరండా

బెంచీ మీద నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. ఖాకీ చొక్కా, ఆటో నడుపుతాడట. టిఫిన్ డబ్బా తెరిచి చిత్రాన్నం సగం నాకు పెట్టాడు. కన్నడంలోనే మాట్లాడుకున్నాం. ఏ కేసు అని అడిగాను. కూతురు అన్నాడు. కాలేజీలో చేరిన కొత్తలో స్నేహితులతో కలిసి ఫోన్‌లో ఏవో మాత్రలు తెప్పించుకుందట. పొద్దున లేవలేదు. పంతొమ్మిదేళ్ళు. ఆ అంగడి నడిపినవాడికే ఈరోజు తీర్పు అన్నాడు.

ఎంత పడాలంటారు అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఎన్నేండ్లు వేసినా నా పిల్ల రాదు, కానీ అది బతికినన్ని ఏండ్లయినా వేయాల కదా అన్నాడు.

మీరెవరు అని ఆయన అడిగేలోపు లోపల పిలిచారు. మెతుకులు ఇంకా నా వేళ్ళకే ఉన్నాయి.

మధ్యాహ్నం 3, బస్సు

దోషి. శిక్ష ఎంతో వచ్చే సోమవారం చెబుతారు.

జడ్జి ఇంగ్లీషులో చదివాడు. ఎ యంగ్ మ్యాన్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ ఇంటెలిజెన్స్ అన్నాడు. అమ్మ నా మోచెయ్యి గిల్లి, ఏమన్నాడురా అంది. చైతన్య చానా తెలివైనోడంట అన్నాను. ఏడుస్తూనే తల ఊపింది, తనకు ఎప్పుడో తెలిసిన సంగతే అన్నట్టు. దోషి అన్న మాట తర్వాత చెప్పాను.

నాకు నలభై ఒక్కేళ్ళు. నా గురించి అలాంటి మాట ఇంతవరకు ఏ పెద్దమనిషీ ఏ భాషలోనూ అనలేదు.

ఆగస్టు 12, మంగళవారం

పేపర్లో వాడి ఫోటో. తల దించుకోలేదు. బాగా పడింది.

ఆగస్టు 13, బుధవారం

లాయరమ్మ ఫోన్ చేసింది. పేరు రేఖ, కోలారు వైపు మనిషి, తెలుగు మాట్లాడుతుంది. సోమవారం జడ్జి ఇంటివాళ్ళను కూడా అడుగుతాడట. నేను నిలబడి చెప్పాల్సింది ఇంతే: నాకు చదువు లేదు, ఒంట్లో బాగుండదు, ఇల్లు నడపడం చేతకాదు, అమ్మా మేమూ వాడి మీదే ఆధారపడ్డాం. అట్ల చెప్తే పన్నెండుకు దించగలనన్నా, లేకుంటే నా చేతుల్లో లేదు అంది. ఈ మత్తుమందుల చట్టం కింద పడితే రెమిషన్, అంటే సత్ప్రవర్తనకు ముందే విడవడం, కూడా ఉండదట. ఇరవై అంటే ఇరవైయే. తెలుగులోనే చెప్పండి, ఇంగ్లీషు వద్దు, చేతకానోని మాదిరి కనపడితే చాలు అని రెండుసార్లు అంది.

నాయన పోయినప్పుడు నాకు పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను. అప్పటి నుంచి ఈ ఇల్లు ఎవరు నడిపారో ఈ గోడలకు తెలుసు. వాడి ఇంజనీరింగ్ ఫీజు కూడా ఈ చేతులే కట్టాయి. వాడు బెంగళూరు నుంచి ఇంటికి ఒక్క రూపాయి పంపలేదు.

ఇప్పుడు వాడే నన్ను సాకాడని చెప్పాలి.

ఆగస్టు 14, గురువారం

జైలు ములాఖత్. మధ్యలో అద్దం, చెవికి ఫోన్. చిక్కాడు, గడ్డం పెంచాడు. లోపల ఖైదీలకు ఇంగ్లీషు చెబుతున్నాడట. అర్జీలు రాసిస్తాడట. అందరూ సార్ అంటారట. జైల్లో కూడా వాడు సారే. నన్ను దుకాణంలో ఎరువు బస్తాలు మోసేవాడు కూడా ఓబిలేసూ అనే పిలుస్తాడు.

ఊడలు దిగినాయా అన్నా అని అడిగాడు. వానే ల్యాకుంటే యాడ దిగేది అన్నాను.

ఆ పిల్ల సంగతి అడిగాను. మొగాలు కనపడవన్నా, అన్నీ పేర్లే, అవీ దొంగ పేర్లే అన్నాడు. ఆ మాట మొదట సాకులా వినిపించింది. కానీ వాడు అద్దం మీద వేలితో ఏదో రాస్తూ, రాసింది తుడుస్తూ ఉన్నాడు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నాక పలక మీద అలాగే చేసేవాడు.

సోమవారం నేను చెప్పాల్సిన మాటల గురించి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆగస్టు 15, శుక్రవారం

దుకాణానికి సెలవు. అటక మీద పాత కంప్యూటర్ కనబడింది. లెక్కలు రాసే ట్యాలీ నేర్చుకుందామని నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. అప్పుడు చైతన్యకు పన్నెండేళ్ళు. మౌస్ పట్టుకోవడం వాడికి నేర్పింది నేనే. నెల తిరక్కముందే డబ్బా విప్పి, లోపల ఏది ఏ పని చేస్తుందో నాకు చెప్పాడు. అమ్మ వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపించింది. ఆ తర్వాత దాని ముందు కూర్చోవాలంటే నేనే వాడిని అడగాల్సి వచ్చింది.

నా ఇంగ్లీషు మాత్రం నాదే. దుకాణానికి పొట్లాలు కట్టుకోవడానికి వచ్చే పాత పేపర్లు చదివి నేర్చుకున్నాను. ఇంతవరకు ఎవరి ముందూ మాట్లాడింది లేదు.

సోమవారం చెప్పాల్సిన మాట సునందతో అన్నాను. చెప్తే ఏం పోతాది, నువ్వు చేతనైనోడివని మాకు తెలీదా అంది. ఎప్పుడన్నా ఆ మాట అన్నావా అని అడిగాను. నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

ఆగస్టు 17, ఆదివారం

చేన్లో ఒక్కడినే ఉన్నప్పుడు బయటికి అని చూశాను. నాకు చేతకాదు సార్. నాలుగోసారికి గొంతు నిలబడింది. చెప్పగలను.

ఆగస్టు 18, సోమవారం. ఉదయం 10

చిత్రాన్నం ఆయన వచ్చాడు. నేను చైతన్య అన్ననని ఆయనకు ఇంకా తెలియదు. ఈరోజు కూడా పక్కన జాగా చూపించాడు. నిలబడే ఉన్నాను.

సాయంత్రం 5, బస్టాండు

మొదట జడ్జి చైతన్యను అడిగాడు, ఏమైనా చెప్పుకుంటావా అని. వాడు లేదన్నట్టు తల ఊపాడు. లాయరమ్మ వాడి వైపు కోపంగా చూసింది. తర్వాత నన్ను పిలిచారు. ఇతనికి ఇంగ్లీషు అర్థమవుతుందా అని జడ్జి ఇంగ్లీషులోనే అడిగాడు. లాయరమ్మ నోరు తెరిచింది. ఆమె కంటే ముందు నేనే అనేశాను: యెస్ సార్, ఐ అండర్‌స్టాండ్.

జడ్జి కనుబొమలు ఎత్తాడు. ఎక్కడ చదివావన్నాడు. సెల్ఫ్ సార్, న్యూస్‌పేపర్ అన్నాను. నవ్వాడు. ఆ హాల్లో ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. తల్లిని ఎవరు చూస్తున్నారు అని అడిగాడు.

తెలుగు మాట నోటి దాకా వచ్చింది. నాలుగుసార్లు అని చూసుకున్న మాట. కానీ అందరూ నన్నే చూస్తున్నారు. అమ్మ చూస్తోంది. బోనులోంచి చైతన్య చూస్తున్నాడు. వాడి మీద నుంచి కళ్ళన్నీ నా మీదికి తిరగడం నా జన్మలో ఎప్పుడూ జరగలేదు.

ఐ ఓన్లీ, సార్. సిన్స్ థర్టీన్ ఇయర్స్ ఏజ్.

నిందితుడు ఇంటికి ఏమైనా పంపేవాడా అన్నాడు. నో సార్. నెవర్.

లాయరమ్మ పెన్ను ఆగిపోయింది.

భోజనాల తర్వాత చదివాడు. ఇరవై ఏళ్ళు. గడిచిన నాలుగూ అందులో కలుస్తాయి. కారణాలు చాలా చెప్పాడు: అంగడి ఎంత పెద్దది, ఎన్నాళ్ళు నడిచింది, ఆ పిల్ల. చివర్లో ఒకటి నా గురించి. తల్లి అనాథ కాదు, షీ ఈజ్ ఇన్ ది కేర్ ఆఫ్ ఎ కేపబుల్ అండ్ రెస్పాన్సిబుల్ ఎల్డర్ బ్రదర్.

విన్న వెంటనే సంతోషం వేసింది. రాయకపోతే అబద్ధమవుతుంది. ఒక్క క్షణం. తర్వాత ఇరవై అన్న మాట చెవికి చేరింది.

వరండాలో చిత్రాన్నం ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. సొంత తమ్ముడైనా నిజం చెప్పినారు, మీలాంటోళ్ళు ఉండరు అన్నాడు. చేతులు విడిపించుకోలేకపోయాను.

బస్సులో అమ్మ అడిగింది, జడ్జి నీతో మాట్లాడి నవ్వినాడు గదరా, ఏం చెప్పినావు అని. నిజం చెప్పినానమ్మా అన్నాను. మరి నిజం చెప్తే ఇరవై ఎందుకేసినాడు అంది.

ఆగస్టు 19, మంగళవారం

దుకాణానికి పోలేదు.

ఆగస్టు 23, శనివారం

రాత్రి కొంచెం వాన పడింది. ఈ ఊడలకు అందదు.

ఈరన్న టీ ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఒకటి చెప్తా ఇను అన్నాడు. లోపల బుద్ధిగా ఉంటే ముందే ఇడుస్తారని ఆశ ఉండె, దానికే నేను మనిషినైనా. మీవోనికి ఆ ఆశ గూడా ల్యాకుండా చేస్తే వాడు దేనికోసం బుద్ధిగా ఉండాలప్పా?

ఇరవై ఎక్కువే. ఇప్పుడు అలా అనిపిస్తోంది. కానీ ఆటో ఆయన ముందు నిలబడి ఆ మాట అనలేను. పంతొమ్మిది అడిగాడు ఆయన, ఒకటి ఎక్కువే దక్కింది. లాయరమ్మ పన్నెండు అంది. మధ్యలోని ఎనిమిదిలో ఆ పిల్లవి ఎన్ని, చట్టానివి ఎన్ని, నావి ఎన్ని? లెక్కలు రాసేవాణ్ణి. ఈ పద్దు తేలడం లేదు.

ఆగస్టు 28, గురువారం

ములాఖత్. తిడతాడనుకుని పోయాను. నవ్వుతూ వచ్చాడు. నీ ఇంగ్లీషు ఇని జడ్జే ఆగిపోయినాడన్నా, లోపల అందరికీ చెప్పినా, మాయన్న పొట్లాం కాగితాలు చదివి నేర్చుకున్నాడని అన్నాడు.

నా వల్లే అన్నాను.

అప్పుడు చెప్పాడు. లాయరమ్మ వాడినీ అడిగిందట, మా అన్న చేతకానోడు, ఇల్లు నా మీదే ఉండాది అని చెప్పమని. అందుకే జడ్జి అడిగినప్పుడు తల అడ్డంగా ఊపాడట. నిన్ను నిలబెట్టుకోని ఆ మాట యెట్లంటానన్నా అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. టైమ్ ఇంకా ఉంది.

ఇందులో కూడా వాడే ముందు.

సెప్టెంబర్ 9, మంగళవారం

అప్పీలుకు కాగితాలు ఇచ్చి వచ్చాను. నాకు చేతకాదని ఇప్పుడు రాసిస్తాను అని లాయరమ్మతో అన్నాను. రికార్డుకు ఎక్కిపోయిందన్నా, ఇంక కుదరదు అంది.

జడ్జిమెంటు కాపీ ఆమెకు ఇచ్చే ముందు, బస్టాండులో దిగి నా గురించి జడ్జి రాసిన ఒక్క పేజీ జిరాక్స్ తీయించుకున్నాను.

రెండు కాపీలు.