ఖాళీ కొక్కెం

చిట్టితల్లికి నాన్న దీవెనలు. ఇక్కడ మేం కులాసా.

పదేళ్ల కిందట మూతబడ్డ మా బొగ్గుగనిని మ్యూజియం చేసి, వచ్చినవాళ్లకి చూపించే పని నాకే ఇచ్చారు. గనిలోకి దిగేవాడు తన నంబరు బిళ్ళ వెంట తీసుకెళ్లి, పైకొచ్చాక తన కొక్కేనికి తగిలించాలి కదా. నిన్న ఒక పంతులమ్మ ఖాళీగా ఉన్న నా కొక్కెం చూసి, "అయ్యో పాపం, ఈయన పైకి రానేలేదా?" అంటూ పిల్లలందరినీ మౌనంగా నిలబెట్టింది. నేనూ వాళ్లతోపాటు తలొంచుకు నిలబడ్డాను. గని మూసిన రోజు బిళ్ళ తగిలించడం మరిచి ఇంటికి తెచ్చేసింది నేనేగా! మీ అమ్మ విని పడీ పడీ నవ్వింది.

అల్లుడి దగ్గు తగ్గిందా? స్వెట్టరు సరిపోయిందా? నీ తాళాలగుత్తికి వేలాడుతున్న ఆ బిళ్ళ వెంటనే పంపు తల్లీ.

ఇట్లు,
పదేళ్లుగా ఇంకా పైకి రాని
మీ నాన్న